ఎగరని చేప ఏదన్నా?

మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నాడు. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాడు. ఇంట్లో భార్య, నాలుగో తరగతి చదివే బిడ్డ, తండ్రి. తండ్రి సాగర్ ఎడమ కాల్వ మీద నీళ్లు వదిలే లష్కరుగా చేసి రిటైరైన మనిషి. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి ఆడుతుంది. అన్నీ అర్థమవుతాయి, చెప్పలేడు. ముప్పై ఏళ్లు నీళ్ల వెంట తిరిగిన మనిషి గోడకేసి చూస్తూ కూర్చుంటే చూడలేక, ఎనిమిది నెలల కింద ఈ తమ్ముడు ఒక ఉప్పునీళ్ల ట్యాంకు తెచ్చి ఆయన కుర్చీ ఎదురుగా పెట్టాడు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. మూత లేదు. పైన ఎల్ఈడీ లైటు వేలాడుతుంది, వెనక అంచుకు తగిలించిన హ్యాంగ్ ఆన్ ఫిల్టరు, నీళ్లను అలల్లా కదిలించే రెండు వేవ్ మేకర్లు, లోపల లైవ్ రాక్ అనే సూక్ష్మజీవులు పట్టిన రాళ్లు, కొన్ని మెత్తటి పగడాలు. చేపలు ఆరు: ఒక జత క్లౌన్‌ఫిష్, ఒక ఎల్లోటెయిల్ డామ్సెల్, రెండు ఫైర్‌ఫిష్, తర్వాత కొన్నాళ్లకు ఒక సిక్స్‌లైన్ రాస్.

ఆరింటిలో మూడు ఎగిరి చచ్చిపోయాయి. మొదటి ఫైర్‌ఫిష్ తెచ్చిన ఐదో రాత్రి పోయింది. పొద్దున ఊడుస్తుంటే సోఫా కింద అట్టలాగా ఎండి దొరికింది. మూడోది సిక్స్‌లైన్, మే నెలలో రాత్రంతా కరెంటు లేని రోజు తెల్లారేసరికి స్టాండు వెనక ఉంది. రెండిటి మధ్య జరిగిందే ఈ ఉత్తరం రాయించింది. పట్టపగలు, కోడలు మిద్దె మీద బట్టలు ఆరేసి పది నిమిషాలకు కిందికి వచ్చేసరికి రెండో ఫైర్‌ఫిష్ పెద్దాయన పాదాల దగ్గర పడి ఉంది. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి, ఎడమ చెయ్యి చాపి, అందక, పిలవలేక ఏడుస్తున్నాడు.

"అప్పటినుంచి నాయిన ట్యాంకు దిక్కు చూస్తలేడు. కుర్చీ తిప్పమని సైగ చేస్తడు. మా ఆమె అద్దం మూతన్న పెట్టు, అమ్మనన్న అమ్ము అంటున్నది. మూత పెడితే వేడికి పగడాలు చస్తయి, జాఫిష్ తీస్కపో, అది ఇసుకల బొరియ చేసుకొని అడుగునే ఉంటది, ఎగరదు అని దుకాణపాయన అంటున్నడు. ఎగరని చేపలేవో నువ్వు చెప్పన్నా, అవే పెడత." ఇదీ ఉత్తరం చివర.

తమ్ముడూ,

ఎగరనే ఎగరదని కాగితం మీద రాసివ్వగలిగే చేప ఒక్కటీ లేదు. ముందు ఈ మాట చెప్పకుండా చేపల పేర్లు చెబితే నిన్ను మోసం చేసినవాణ్ని అవుతాను. మీ ఊళ్లో చెరువు అలుగు పోసేటప్పుడు నిలబడి చూసే ఉంటావు. పైనుంచి నీళ్లు దుముకుతుంటే కింద చేపలు ఎదురెక్కి ఎగురుతాయి, పిల్లలు బుట్టలు పట్టుకుని నిలబడతారు. మృగశిర కార్తె నాడు బజార్లో బకెట్లోంచి కొర్రమీను ఎగిరి రోడ్డు మీద పడటం కూడా చూసే ఉంటావు. నీళ్లలో ఇరుకైనా, ఊపిరాడకపోయినా, వెనక ఎవరైనా తరిమినా పైకి దూకితే అవతల ఇంకా నీళ్లుంటాయని చేప ఒంటికి తెలుసు. సముద్రంలో ఆ లెక్క ఎప్పుడూ తప్పదు. మన హాల్లోనే తప్పుతుంది. అందుకని ఎగరని చేప కోసం కాదు, దూకాల్సిన అవసరం తక్కువ పడే చేప కోసం చూడాలి. ఆ అవసరం పుట్టించేది ట్యాంకులో ఏముందో కూడా చూడాలి.

నీ మూడు చేపలు మూడు వేరువేరు కారణాలకు పోయాయి. నీ ఉత్తరం మూడుసార్లు చదివాక నాకు తోచింది చెబుతాను.

మొదటిదానికి చోటు దొరకలేదు. ఫైర్‌ఫిష్ సముద్రంలో రాళ్లముక్కల మధ్య ఒక బొక్క చూసుకుని, దానికి జానెడు పైన తలెత్తి నిలబడి, పారివచ్చే సన్నటి ప్రాణులను ఏరుకుని తినే చేప. చీమ చిటుక్కుమన్నా కళ్లు మూసి తెరిచేలోపు ఆ బొక్కలోకి దూరిపోతుంది. కొత్త ట్యాంకులో దానికింకా బొక్క కుదరదు. "తొమ్మిదిన్నరకు లైటు స్విచ్చి తీసేస్తం" అని రాశావు. పట్టపగలులాంటి వెలుతురు ఒక్క చిటికెలో చీకటైపోతే, ఇల్లు తెలియని చేప ఎటు పరిగెత్తుతుంది? పక్కలకు రాళ్లూ అద్దాలూ అడ్డం. పైన ఏ అడ్డమూ లేదు.

రెండోది తరిమితే పోయింది. "తోక కొసలు చినిగినయి, రోగమేమో అనుకున్నం" అని నువ్వు ఒక వాక్యం రాసి వదిలేశావు. రోగం కాదు, అది సిక్స్‌లైన్ పని. వేలెడంత ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, కుదురుకున్నాక ట్యాంకంతా తనదే అంటుంది. మెతక చేపలున్న చోట దాన్ని పెడితే ఈ గొడవ దాదాపు తప్పదు. పెట్టి తీరాలంటే అన్నిటికంటే చివర, పెద్ద ట్యాంకులో పెట్టాలి. నీ చేపలకది పడదని చెప్పకుండా నీకు అమ్మారు. తప్పు నీది కాదు, మీ నాయినది అసలే కాదు.

మూడోది ఊపిరాడక పోయింది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీళ్లు 7 లోపే పట్టుకుంటాయి. వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మే నెల రాత్రి, వేవ్ మేకర్లు ఆగిపోయాయి, ఫిల్టరు ఆగిపోయింది, నీటి పైపొర కదలడం లేదు. చీకట్లో పగడాలూ నాచూ కూడా ఆక్సిజన్ ఇవ్వవు, అవీ తీసుకుంటాయి. తెల్లవారుజాముకు నీళ్లలో మిగిలేది చాలా కొంచెం. రాస్ జాతి మామూలు రోజుల్లోనే దూకుతుంది, అలాంటి రాత్రి ఇక చెప్పక్కర్లేదు. క్లౌన్‌ఫిష్ రెండూ బతికి బయటపడ్డాయంటే నీ అదృష్టం. ఆ రాత్రి ఇంకొంచెం సాగితే అవీ ఉండేవి కావు, కాకపోతే నేల మీద కాకుండా నీళ్లలోనే చచ్చేవి.

అంటే ఏ చేప తెచ్చినా, లైటు అట్లాగే చటుక్కున ఆర్పుతూ, కరెంటు పోతే ట్యాంకు అట్లాగే ఆగిపోతుంటే, నాలుగోది కూడా పోతుంది. లైటుకు టైమరు పెట్టు. మెల్లగా తగ్గే సౌకర్యం నీ లైటుకుంటే వాడు. లేకపోతే హాల్లో ట్యూబ్‌లైటు వెలుగుతుండగానే ట్యాంకు లైటు ఆర్పి, అరగంటకు ట్యూబ్‌లైటు ఆర్పి, ఒక చిన్న నీలం బెడ్‌లైటు రాత్రంతా ఉంచు. మీ ఇంట్లో ఫ్యాన్లకు ఇన్వర్టరు ఉందన్నావు కదా, ఒక వేవ్ మేకరు దాని మీద వెయ్యి. కొద్ది వాట్లే తింటుంది. దానికి తోడు కరెంటు పోగానే తనంతట తానే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టు. నేనైతే ఈ రెండూ పెట్టాకే చేపల దుకాణం మెట్లెక్కుతాను.

ఇక జాఫిష్. నీకా సలహా ఇచ్చినాయన ఏం ఆలోచించి ఇచ్చాడో గాని, అది తేవద్దు. అడుగున బొరియలో ఉండే మాట నిజమే. బొరియలో ఉండే చేప కాబట్టే బెదిరితే బాణంలా పైకి లేస్తుంది. మహబూబ్‌నగర్లో మా ఇంట్లో పసుపు తల జాఫిష్ ఒకటి ఇరవై రోజులు గులకరాళ్లు నోటితో మోసి మోసి ఎంత అందమైన బొరియ కట్టుకుందో! ఇరవై ఒకటో రోజు రాత్రి గోడకూ స్టాండుకూ మధ్య దొరికింది. ఇంతకాలమైనా ఆ బొరియ మూతి దగ్గర అది పేర్చిన గవ్వ ముక్కలు నాకు కళ్ల ముందు ఉన్నాయి. అడుగున ఉండే చేప ఎగరదని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. గోబీ చేపలు కూడా ఇసుక మీదే పాకుతాయి, మూత లేని ట్యాంకుల్లోంచి గోబీలు పోయినంతగా చాలా చేపలు పోవు. ఇంకా నువ్వు దూరం పెట్టాల్సినవి: ఫైర్‌ఫిష్ మళ్లీ, రాస్‌లు ఏ రంగువైనా, ఆంథియాస్, హాక్‌ఫిష్, డాటీబ్యాక్, పాములాంటి ఈల్స్. ఈల్ ఎగరదు, పాక్కుంటూ బయటికి వస్తుంది, అంతే తేడా.

మరి ఏవి? నీ ట్యాంకులో పట్టేది సుమారు 250 లీటర్లు, రాళ్లు తీసేస్తే ఇంకా తక్కువ. క్లౌన్‌ఫిష్ జంట ఉండనీ. అవి ఒక మూల పట్టుకుని అక్కడే తిరుగుతాయి, వాటితో నీకు భయం తక్కువ. డామ్సెల్ కూడా ఎగిరే రకం కాదు, కాకపోతే అది ఇంకొకటి ఎగిరేటట్టు చేయగలదు. దాని మీద ఒక కన్నుంచు.

వీటికి తోడుగా నేను ముందు చెప్పేది పజామా కార్డినల్. నెత్తి దగ్గర పసుపు, నడుముకు నల్ల పట్టీ, వెనక సగం మీద చుక్కలు, పెద్ద ఎర్రటి కన్ను. పెరిగితే మూడంగుళాలు. ఈ చేప గుణమే నిలకడ. గాల్లో వేలాడదీసినట్టు ఒకచోట నిలబడి రెక్కలు మాత్రం ఆడిస్తుంది. తరమదు, తరిమితే దూకేకంటే రాళ్ల సందుకు జరుగుతుంది. మూడు తెచ్చుకో, ఒకేసారి వదులు. మీ నాయిన గురించి ఆలోచించినా ఇదే సరైన చేప అనిపించింది. చటుక్కున మాయమయ్యే చేపను వెతుక్కుంటూ తల తిప్పడం ఆయనకు కష్టం. ఇవి ఆయన చూపు నిలిపిన చోటే ఉంటాయి. సందేళ లైటు తగ్గినప్పుడు ఇంకా హుషారుగా బయటికొస్తాయి.

లేకపోతే బాంగాయ్ కార్డినల్. వెండి ఒళ్లు, నల్ల చారలు, చుక్కల పొడుగు రెక్కలు. ఇండోనేషియాలో బాంగాయ్ దీవుల చుట్టూ ఉండే చేప, ఆక్వేరియాల కోసం విపరీతంగా పట్టి అక్కడ ప్రమాదంలో పడేశారు. అందుకని ట్యాంకులో పుట్టి పెరిగిన పిల్లలనే అడిగి తెచ్చుకో, సముద్రంలో పట్టినవైతే వదిలెయ్యి. జంట కుదిరితే ఒక వింత చూస్తారు. ఆడది గుడ్లు పెడితే మగది వాటిని నోట్లో పెట్టుకుని, పిల్లలై బయటికొచ్చేదాకా దాదాపు మూడు వారాలకు పైగా తిండి ముట్టకుండా మోస్తుంది. చిక్కేమంటే రెండు మగవి పడితే ఒకటి రెండోదాన్ని బతకనివ్వదు, చిన్నప్పుడు ఏది మగదో ఏది ఆడదో తెలియదు. జంటగా కలిసి తిరుగుతున్నవాటిని దుకాణంలో నిలబడి చూసి తేవాలి. ఆ ఓపిక లేకపోతే పజామాలతో ఆగిపో. రెండు రకాలూ కలిపి పెట్టాలని మాత్రం చూడకు, ట్యాంకు చాలదు.

చేపలు కాకుండా ఒకటి చెప్పనా? ఒక జత క్లీనర్ రొయ్యలు తే. వీపు మీద ఎర్రటి పట్టీ, మధ్యలో తెల్ల గీత, తెల్లటి పొడుగు మీసాలు. రాయి కొసన కూర్చుని మీసాలు ఊపుతూ చేపలను పిలుస్తాయి, చేపలు వచ్చి నిలబడితే ఒళ్లంతా తడిమి శుభ్రం చేస్తాయి. చూసేవాళ్లకు పొద్దే తెలియదు. ఒక్క జాగ్రత్త: నాలుగు వారాలకో, ఆరు వారాలకో అవి పెంకు విడుస్తాయి. ఖాళీ పెంకు అచ్చం చచ్చిన రొయ్యలాగే నీళ్లలో తేలుతుంది. మీ నాయినకు ఈ సంగతి ముందే చెప్పు. ఆయన్ని ఇంకోసారి గుండె కలుక్కుమనేలా చేయొద్దు.

ఎగరవని ఎవరైనా నీకు అంటగట్టబోయే చేపలు కొన్నున్నాయి, అవీ చెప్పాలి. మాండరిన్ చేప నిజంగానే పెద్దగా ఎగరదు. నీలం, నారింజ రంగులతో కంచిపట్టు చీరలా ఉంటుంది. కానీ అది రాళ్ల మీద పుట్టే కంటికి కనపడీ కనపడని పురుగులే తిని బతుకుతుంది. ఎనిమిది నెలల ట్యాంకులో అవి రెండు నెలలకు అయిపోతాయి. తర్వాత రోజూ కళ్ల ముందు సన్నబడుతూ చస్తుంది. మీ ఇంట్లో ఆ చావు ఎగిరి చచ్చేదానికంటే ఘోరం. సముద్రపు గుర్రం కూడా ఎగరదు. దానికి నిదానమైన నీళ్లు, ఇంకా చల్లదనం, రోజుకు మూడు నాలుగుసార్లు తిండి కావాలి. పైగా మన సముద్రాల్లో పట్టినవైతే 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి, అమ్మినా కొన్నా నేరమే. ఫాక్స్‌ఫేస్, టాంగ్ చేపలు మూత లేని ట్యాంకుల్లో కాస్త నమ్మదగినవే, నాలుగడుగుల ఇల్లు వాటికి చాలదు. ఫాక్స్‌ఫేస్ ముళ్లకూ లయన్‌ఫిష్ ముళ్లకూ విషం ఉంటుంది, చెయ్యి పెట్టే పాప ఉన్న ఇంట్లో వద్దే వద్దు.

ఇప్పుడు మూత సంగతి. మీ ఆవిడ అన్నదాంట్లో సగం నిజం, దుకాణపాయన అన్నదాంట్లో సగం నిజం.

అద్దం మూత పెడితే చేపలు బయటపడవు. కానీ ఎండాకాలం మన దగ్గర రంజనులో నీళ్లు ఎట్లా చల్లబడతాయో తెలుసుకదా, కొన్ని నీళ్లు ఆవిరవుతూ మిగతావాటి వేడిని తీసుకుపోతాయి. నీ ట్యాంకుకూ అదే రక్ష. ఒక్క లీటరు నీళ్లు ఆవిరైతే 250 లీటర్ల నీళ్లను రెండు డిగ్రీలకు పైగా చల్లబరిచేంత వేడి పోతుంది. అద్దం వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. గాలి మారదు, అద్దానికి ఉప్పు పేరుకుని వెలుతురు తగ్గుతుంది. నీళ్లను చల్లబరిచే చిల్లరు మిషను కొనే స్తోమత ఉంటే అద్దం పెట్టుకోవచ్చు. లేకపోతే చలికాలం బాగానే గడిచి, ఏప్రిల్ చివర్లో దెబ్బ తింటావు.

రెండిటికీ మధ్య జాలీ ఉంది. నేను మా ఇంట్లో వాడేదీ అదే. కిటికీలకు దోమల జాలీ ఫ్రేములు చేసే అల్యూమినియం షాపుకు ట్యాంకు కొలతలు తీసుకెళ్లు. ఫ్రేము వాళ్లదే, జాలీ మాత్రం దోమలది వద్దు, అది మరీ సన్నం, వెలుతురు ఆపుతుంది. రంగు లేని నైలాన్ వల, కన్ను పావు అంగుళం ఉండేది వేయించు. అంతకంటే పెద్ద కన్నులైతే సన్నటి చేప దూరుతుంది. ఫిల్టరు దగ్గర, వైర్ల దగ్గర కత్తిరించిన చోట సందు మిగలనివ్వకు. చేప వెతికేది ఆ ఒక్క సందునే. ఉప్పు తగిలి అల్యూమినియం తినేయకుండా పౌడర్ కోటింగ్ ఉన్నది అడుగు, నెలకోసారి మంచినీళ్లతో కడుగు. వెలుతురు కొంచెమే తగ్గుతుంది, నీ మెత్తటి పగడాలకు ఆ తేడా తెలియను కూడా తెలియదు. నష్టమల్లా పైనుంచి చూసే అందం పోవడం. మీ ఇంట్లో పైనుంచి ఎవరూ చూడరు, నాయిన ఎదురుగా కూర్చుని చూస్తాడు.

మూత లేకుండానే ఉంచుతానంటావా, అదీ ఒక దారే. పజామాలు, క్లౌన్లు, రొయ్యలు, లైటు జాగ్రత్త, కరెంటు జాగ్రత్త, ఇవన్నీ ఉంటే చాలా ఏళ్లు ఏ చేపా ఎగరకపోవచ్చు. కానీ ఏదో ఒక రోజు ఒకటి ఎగరవచ్చు. వేరే ఇంటికైతే ఆ రిస్కు తీసుకోమనే చెప్పేవాణ్ని. మీ ఇంట్లో ఆ ఒక్కటి ఎవరి పాదాల దగ్గర పడుతుందో తలుచుకుంటే నాకు నోరు రావడం లేదు.

నీళ్ల గురించి ఒక మాట. తగ్గిన నీళ్లకు బదులు బోరు నీళ్లు పోస్తున్నానన్నావు, ఫ్లోరైడ్ భయం కూడా రాశావు. మీ నల్గొండ జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ మనుషుల ఎముకలు వంచింది, ఆ భయం నాకర్థమైంది. చేపల విషయంలో అది పెద్ద సంగతి కాదు, సముద్రపు నీళ్లలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు నీళ్లతో అసలు తంటా నైట్రేటుది, నీళ్లలో కరిగిన మిగతా లవణాలది. ఆవిరయ్యేది ఉత్త నీరే కాబట్టి మళ్లీ పోసేదీ ఉత్త నీరే కావాలి. ఆర్వో నీళ్లు, వీలైతే మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ క్యాట్రిడ్జి దాటి వచ్చినవి పొయ్యి. ఉప్పు కలపకు. నీ ట్యాంకులో నీటి మట్టం ఒక అంగుళం దిగిందంటే దాదాపు 14 లీటర్లు పోయినట్టు. ఉప్పు లీటరుకు 35 గ్రాములున్నది 37 దాటుతుంది. ఎండాకాలం ఫ్యానుగాలికి ఒక్క అంగుళం దిగడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఆ అంగుళం దగ్గరే మీ నాయిన గుర్తొచ్చాడు తమ్ముడూ.

లష్కరు పనేమిటి? తూము దగ్గర నిలబడి గేజి చూడటం. నీళ్లెంత దిగాయి, ఎంత వదలాలి, ఎప్పుడు షట్టరు ఎత్తాలి. ఎడమ కాల్వ కింద పొలం తడిసిన ప్రతి రైతూ ఆ చూపు మీదే ఆధారపడ్డాడు. అట్లాంటి మనిషి కళ్ల ముందు, తన కాళ్ల దగ్గర, తాను చూస్తుండగా ఒక ప్రాణం పోయింది. చెయ్యి అందలేదు, కేక రాలేదు. ఆయన ట్యాంకు మీద కోపంతో మొహం తిప్పుకుంటున్నాడని నువ్వనుకున్నావు. ఆ రోజు తనకు పనికిరానివాణ్నయ్యానని అనిపించి ఉంటుందని నాకు తోస్తోంది. నేను ఆయన్ని చూడలేదు, నా ఊహ తప్పు కావచ్చు. నువ్వు ఆయన కొడుకువి, పక్కన కూర్చుని అడుగు. అవును కాదు అని ఎడమ చేత్తో చెప్పగలడు. పక్షవాతం వచ్చినవాళ్లలో దిగులు ముదిరి జబ్బు కావడం చాలా మామూలు కాబట్టి, ఇన్నాళ్లుగా మొహం తిప్పుకునే ఉన్నాడన్న సంగతి ఆయన్ని చూసే డాక్టరుకు కూడా చెప్పు, దాచకు.

ట్యాంకు వరకు నేను చేయమనేది ఇది. తలుపుకు పెట్టే రిమోట్ కాలింగ్ బెల్లు ఒకటి తెచ్చి, బటన్ ఆయన ఎడమ చేతి కింద కుర్చీకి అంటించు. గంట ఒకటి వంటింట్లో, ఇంకొకటి మిద్దె మెట్ల దగ్గర పెట్టు. చేపకే కాదు, దాహమైనా ఆయన పిలవగలగాలి. అది ఆ ఘటనకు ముందే ఉండాల్సింది. తర్వాత, ట్యాంకు అద్దం మీద ఆయన కూర్చునే పక్క ఒక గేజి గియ్యి. తెల్ల టేపు మీద నల్ల గీతలు, సెంటీమీటరుకొకటి, అంకెలు పెద్దగా. కాల్వ గేజిలాగే ఉండాలి. నీళ్లు రెండో గీత దిగితే బెల్లు కొట్టాలని ఆయనకు చెప్పు. నీ బిడ్డ ఒక నోటుపుస్తకంలో రోజూ పొద్దున ఆయన చూపిన అంకె రాయాలి. ఇది ఆయన్ని మురిపించడానికి చెప్పే ఉత్తుత్తి పని కాదు. మూత లేని ఉప్పునీళ్ల ట్యాంకులో రోజూ నిజంగా చేయాల్సిన పని ఇదే, మిల్లు నుంచి రాత్రి తొమ్మిదికి వచ్చే నీకంటే ఆయనే దీన్ని బాగా చేస్తాడు.

అమ్మేయడం కూడా తప్పు కాదు. నాయిన అడిగాక వద్దనే అంటే, మీ ఆవిడ మీద ట్యాంకు చాకిరీ మొత్తం పడుతోందని నీకే అనిపిస్తే, అమ్మెయ్యి. క్లౌన్లను మాత్రం ట్యాంకు నడుస్తున్న మనిషికే ఇవ్వు, బకెట్లో పెట్టి దుకాణానికి తిరిగివ్వకు. కానీ అమ్మే ముందు ఆయన్ని అడగాలి. ఆయన కోసం తెచ్చిన ట్యాంకు ఆయన్ని అడగకుండా పోకూడదు.

ఉంచుకుంటే ఇప్పటికిప్పుడు చేపలకు తొందరపడకు. జాలీ, టైమరు, ఎయిర్ పంపు, బెల్లు అమిరాక మూడు వారాలు ఆగు. ఆ మూడు వారాలూ ఉన్న మూడు చేపలతో, గేజితో నడవనీ. ఈలోపు ఇంకో చేప ఎప్పుడైనా బయట పడితే, ఎండినట్టు కనిపించినా సరే, చెయ్యి తడిచేసుకుని ఎత్తి నీళ్లలో వేవ్ మేకరుకు ఎదురుగా కాసేపు పట్టుకోండి. మొప్పల్లో తడి ఉంటే కొన్ని లేస్తాయి. నీ బిడ్డకూ ఇది నేర్పు.

పజామాలు తెచ్చిన రోజు సాయంత్రం ఆరింటికి, ట్యాంకు లైటు ఆర్పి, హాలు లైటు మసకగా ఉంచు. సంచిలోని నీళ్లకు ట్యాంకు నీళ్లు కొంచెం కొంచెం కలుపుతూ గంట గడిపాక, జాలీ ఒక పక్కకు జరిపి, నాయిన కుర్చీ ట్యాంకుకు ఆనించు. చిన్న ప్లాస్టిక్ గ్లాసులో ఒక్కొక్క చేపను పట్టి ఆయన ఎడమ చేతికి ఇవ్వు. చెయ్యి వణికితే నీ చెయ్యి కింద పెట్టు, గ్లాసు మాత్రం ఆయన్నే వంచనివ్వు. మూడూ దిగాక జాలీ మూసి, ఆ రాత్రికి తిండి వేయకుండా, బెడ్‌లైటు ఒక్కటే ఉంచి, ఆయన్ని కాసేపు అక్కడే కూర్చోనివ్వండి.